చదువు, తెలివి, సృష్టిని గూర్చిన నమ్మకము

వేదభాగములు: నిర్గమ. 2:1–10, దానియేలు 1:17, అపొ. కార్యములు 4:13, 7:22, 1 కొరింథీ. 8:1–2



సెలవులకు కాలేజీనుండి ఇల్లు చేరిన కుమారుడు, జీవులు పరిణామక్రమమున కలిగినవని తాను నేర్చిన పాఠమును రాత్రి భోజనమువేళ చెప్పును. తండ్రి ముద్ద ఆపి, “ఈ చదువు నిన్ను దేవునికి దూరము చేయుచున్నది, ఇక చాలించు” అనును. కుమారుడు, “నీకు చదువు లేదు గనుకనే అట్లు నమ్ముచున్నావు, నాయనా” అనును. తల్లి మాటలాడక పళ్లెములు తీయును. ఇట్టి మాట ఏ యింటనైనను పుట్టవచ్చును. ఇద్దరి మాటలలోను ఒకే తలంపు దాగియున్నది: చదివినవాడు పరిణామమును, చదువనివాడు సృష్టిని నమ్మునని. ఇది నిజమేనా? ఈ మాసము దీనిని విచారింతము.

1. చదువు ఒక్కటే తీర్పు చేయదు

డార్విను తన గ్రంథమును 1859లో ప్రకటించెను. అప్పుడు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమందు ఇద్దరు గొప్ప ఆచార్యులుండిరి. పాస్టరుగారి కుమారుడైన లూయీ అగాసీ జంతుశాస్త్రజ్ఞుడు. అతడు 1873లో చనిపోవువరకు డార్విను మాటను ఒప్పుకొనలేదు. వృక్షశాస్త్రజ్ఞుడైన ఏసా గ్రే భక్తిగల క్రైస్తవుడు. అతడే అమెరికాలో డార్విను పక్షమున నిలిచెను. విద్యలో ఒకరికొకరు తీసిపోరు. ఇద్దరును దేవుని ఒప్పుకొనినవారే. అయినను చెరియొక దారి పట్టిరి.

డార్వినుతోపాటు అదే సంగతిని 1858లో స్వయముగా కనుగొనిన ఆల్ఫ్రెడ్ వాలెసు, సుమారు 14వ యేట బడి విడిచిన బీదవాడు. కాలేజీ ముఖము చూడని వానికి ఆ తలంపు తట్టెను.

మన ఆంధ్రదేశములోనిదే ఒక సంగతి. 2019 జనవరిలో జలంధరులో జరిగిన భారత సైన్సు కాంగ్రెసులో, అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతియు రసాయనశాస్త్ర ఆచార్యుడునైన జి. నాగేశ్వరరావుగారు, డార్విను సిద్ధాంతముకంటె దశావతారముల వృత్తాంతమే మేలైనదని చెప్పిరి. శాస్త్రజ్ఞులనేకులు దానిని ఖండించిరి. ఇతరుల మతమును ఆక్షేపించుటకు దీనిని వ్రాయలేదు. పెద్ద చదువు చదివినవారును తాము పుట్టి పెరిగిన నమ్మకముతోనే ఇట్టి ప్రశ్నలను చూతురనుటకు ఇది సాక్ష్యము. మనమును అట్టివారమే గదా?

2. అట్లయిన చదువువలన ప్రయోజనము లేదా?

ఉన్నది. అమెరికాలో గ్యాలప్ సంస్థ 1982 మొదలుకొని ప్రజలను అడుగుచున్నది. దేవుడు మానవుని ఇప్పటి రూపములోనే, గత పదివేల ఏండ్లలోపల చేసెనని 1982లో నూటికి 44 మందియు, 2024లో 37 మందియు చెప్పిరి. చదువు పెరిగినకొలది అట్లు చెప్పువారు తగ్గుదురు. అయితే ఆరాధనకు క్రమముగా వెళ్లువారికిని వెళ్లనివారికిని ఉన్న భేదము అంతకంటెను పెద్దది. కాబట్టి చదువునకు బలము కలదు. సహవాసమునకు ఇంకను ఎక్కువ బలము కలదు.

తెలివి వేరు, చదువు వేరు. తిరుపతి కొండలలో ఘాటు రోడ్డు త్రవ్విన చోట రెండు విధముల రాళ్లు ఒకదానిమీద ఒకటి కనబడును. పై రాతికి మన నగరి పేరే పెట్టిరి. ఆ రెంటి నడుమ సుమారు 80 కోట్ల సంవత్సరముల యెడమున్నదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. రాతిపని చేయు కూలివానికి తెలివి తక్కువ కాదు. ఎక్కడ కొట్టిన ఏ రాయి పగులునో అతనికే తెలియును. అయితే రాతి వయస్సు చదువుట అతనికెవరును నేర్పలేదు. అంతియే భేదము.

ఆలాగే, కోతి మనిషిగా మారెనని పరిణామశాస్త్రము చెప్పుచున్నదని మనలో అనేకులు తలంచుచున్నారు. అది అట్లు చెప్పుటలేదు. పెదనాయన పిల్లలును చిన్నాయన పిల్లలును ఒక తాతకు మనుమలైనట్లు, నేటి కోతులకును మనుష్యులకును బహు పూర్వపు మూలమొకటి కలదని చెప్పుచున్నది. నేటి జీవశాస్త్రజ్ఞులు దాదాపు అందరును దీనిని ఒప్పుకొందురు. మానవ జీనోము పరిశోధనను 2003లో ముగించిన సంఘమునకు నాయకుడైన ఫ్రాన్సిస్ కాలిన్సు దీనిని ఒప్పుకొనుచునే క్రీస్తును వెంబడించుచున్నాడు. ఒప్పుకొనని విశ్వాసులును ఉన్నారు. ఎవరైనను ముందు సంగతిని సరిగా తెలిసికొని మాటలాడవలెను. తెలియనిదానిని ఖండించుట భక్తి కాదు.

3. వేదము చూపు మాదిరి

మోషే ఐగుప్తీయుల విద్యలన్నియు నేర్చెను. ఆ విద్య అతనిని దేవుని పిలుపునుండి తప్పించలేదు. దానియేలును అతని స్నేహితులును బబులోనులో చదివిరి. ఆ జ్ఞానము దేవుడే ఇచ్చెనని వ్రాయబడియున్నది. పేతురు, యోహానులు విద్యలేని పామరులు. అయినను మహాసభ వారి ధైర్యమును చూచి ఆశ్చర్యపడెను. దేవుడు చదివినవానిని త్రోసివేయలేదు, చదువనివానిని చిన్నచూపు చూడలేదు. జ్ఞానమువలన ఉప్పొంగువానినిగూర్చి మాత్రము పౌలు కొరింథీయులను హెచ్చరించెను.

4. మనకు బుద్ధి

తండ్రులారా, ప్రశ్న అడిగినందుకు పిల్లల చదువు మాన్పకుడి. భోజనమువేళ నోరు మూయించినయెడల ఆ ప్రశ్న చావదు; మరియొకచోట జవాబు వెదకుకొనును.

యౌవనస్థులారా, మీ ఫీజు ఎవరి చెమటతో కట్టబడెనో మరువకుడి. అక్షరము రాని తల్లి విశ్వాసము తెలివితక్కువతనము కాదు. పుస్తకము మీకు నేర్పినదానిని ఆమెకు మెల్లగా చెప్పుడి. కష్టములలో నిలుచుట ఆమెయొద్ద నేర్చుకొనుడి.

మన ఇండ్లలో ఈ మాట వచ్చినప్పుడు పళ్లెములు తీయకముందే ఒకరినొకరు వినుటకు ప్రభువు మనకు సహాయము చేయును గాక.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీరు నమ్ముచున్నదానిలో చదివి తెలిసికొనినదెంత? పెద్దలయొద్ద వినినదెంత?
2. మోషే తల్లి ఇంటిలోను, ఫరో ఇంటిలోను ఏమేమి నేర్చియుండును?
3. మీ సంఘములో యౌవనస్థుడొకడు ఇట్టి ప్రశ్న అడిగినయెడల ఎవరు ఓపికతో విందురు?