ఇంటర్నెట్‌లో దారి చెప్పేదెవరు?

ఇంటర్నెట్‌కు యజమాని ఎవరని మా నెట్‌వర్క్ విభాగంలో చేరే కొత్త ఆఫీసర్లు అడుగుతుంటారు. యజమాని ఎవరూ లేరు. ఏ చిరునామాలు ఎవరివో రాసుకునే రిజిస్టర్లు ఉన్నాయి, అంతే. అలాంటి సంస్థలు ప్రపంచంలో ఐదు. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానిది ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉన్న ఏపీనిక్. మన దేశంలో ఆ పని నిక్సీ కింద ఐరిన్ చూస్తుంది. మన శాఖలకు ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఎలాగో, నెట్‌వర్క్‌లకు ఐపీ చిరునామాలు అలాగ.

చిక్కల్లా దారి దగ్గరే. "ఈ చిరునామాలు నా దగ్గరున్నాయి" అని ప్రతి నెట్‌వర్కూ పక్కదానికి చెబుతుంది. అది తన పక్కదానికి చెబుతుంది. చాలాకాలం ఇదంతా నమ్మకం మీదే నడిచింది.

2008 ఫిబ్రవరిలో యూట్యూబ్‌ను దేశంలో ఆపేయమని పాకిస్తాన్ ప్రభుత్వం ఆదేశించింది. అందుకోసం ఆ నెల 24న పాకిస్తాన్ టెలికాం, యూట్యూబ్‌వి 256 చిరునామాలు తన దగ్గరున్నట్టు ప్రకటించింది. ఆ ప్రకటన దేశంలోనే ఆగాల్సింది, గడప దాటింది. హాంకాంగ్‌కు చెందిన పెద్ద నెట్‌వర్క్ ఒకటి దాన్ని సరిచూడకుండానే లోకానికి అందించింది. యూట్యూబ్ ఆ 256ను కలుపుకొని 1,024 చిరునామాలకు ఒకే ప్రకటన ఇస్తోంది. రూటర్లు ఎప్పుడూ చిన్న పరిధి ప్రకటననే ఎంచుకుంటాయి, కవరు మీద ఊరి పేరుతో పాటు వీధి పేరు కూడా ఉంటే పోస్ట్‌మ్యాన్ వీధికే వెళ్ళినట్టు. రెండు గంటలకు పైగా ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ తెరుచుకోలేదు. దురుద్దేశం లేకుండానే ఇంత జరిగింది. ఉంటే?

ఇప్పుడు దీనికి ఆర్‌పీకేఐ అనే ఏర్పాటుంది. ఫలానా నెట్‌వర్క్ మాత్రమే తన చిరునామాలను ప్రకటించవచ్చని వాటి హక్కుదారు డిజిటల్ సంతకంతో రిజిస్టర్‌లో నమోదు చేస్తారు. మన భాషలో స్పెసిమెన్ సంతకం. అయితే కౌంటర్‌లో కూర్చున్నవారు సరిపోల్చకపోతే స్పెసిమెన్ కార్డు బీరువాలో ఉన్నా లేనట్టే. ఇక్కడా అంతే. మనం నమోదు చేసుకుంటే సగం పనే అయింది, అవతలి నెట్‌వర్క్‌లు కూడా సరిచూడాలి. పైగా ఇది మొదట ప్రకటించింది ఎవరన్నదే చూస్తుంది, మధ్యదారిని చూడదు.

రిజర్వ్ బ్యాంకు ఆదేశంతో వచ్చిన 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' పేర్లను హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ నమోదు చేస్తోంది. నకిలీ పేర్ల బెడద దాంతో తగ్గుతుంది. దారి సంగతి వేరు. పేరు సరిగ్గా టైపు చేసినా దారి మళ్ళే అవకాశం ఉంది. అలాంటప్పుడు బ్రౌజర్ సాధారణంగా సర్టిఫికెట్ సరిగా లేదని హెచ్చరిస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఆ హెచ్చరిక కనబడితే "అయినా ముందుకు వెళ్ళు" అన్నది నొక్కకుండా, పాస్‌వర్డ్ ఇవ్వకుండా పేజీ మూసేసి శాఖకు ఫోన్ చేయమనండి.