విప్పుడు కథ వెనుకనున్న భయము

యౌవనుల పాఠము
పాఠ్యభాగము: న్యాయాధిపతులు 14:10–20, 15:1–6



పదహారు, పదిహేడేండ్ల పిల్లల ప్రేమను గూర్చి సంఘములో మాట్లాడుటకు మనము జంకుదుము. "వద్దు" అను ఒక్క మాటతో సరిపెట్టుదుము. వారిద్దరు జగడమాడుకొన్నప్పుడు ఏమి చేయుచున్నారో మనకు తెలియదు. ఆ జగడములు ఫోనులో, కన్నడములోనో తమిళములోనో ఒడియాలోనో జరిగిపోవును. పెద్దలకు చివరి ఏడుపు మాత్రమే వినబడును.

సమ్సోను కథలో సింహమును, తేనెను ఆదివారపు బడిలోనే నేర్చుకొంటిమి. తిమ్నాతు యువతితో అతని జగడమును మాత్రము నిదానముగా చదువము. వారు పెండ్లివిందులో నున్నవారు, మన పిల్లలు ఇంకను చదువుకొనువారు. అయినను జగడము తీరు ఒకటే. విప్పుడు కథ భావమును రాబట్టకపోతే ఇంటివారితో సహా తగులబెట్టుదుమని ఫిలిష్తీయులు ఆమెను బెదరించిరి (14:15). ఆ సంగతి ఆమె సమ్సోనుతో చెప్పినట్లు వాక్యములో లేదు. నీకు నామీద ప్రేమ లేదని మాత్రము ఏడ్చెను. ఎందుకింత ఏడ్చుచున్నావని అతడును అడిగినట్లు కనబడదు. విసిగి చెప్పివేసెను. గుట్టు బయటపడగానే ఆమెను పెయ్యతో పోల్చి, కోపముతో తండ్రి యింటికి పోయెను. గోధుమ కోతకాలమున, ఏమియు జరుగనట్టు, మేకపిల్లతో తిరిగి వచ్చెను. అప్పటికే ఆమెను వేరొకనికిచ్చిరి. అతడు ఫిలిష్తీయుల పైరు కాల్చెను. వారు ఆమెను, ఆమె తండ్రిని కాల్చిరి. ఏ బెదరింపునకు ఆమె లొంగెనో అదే జరిగెను.

"ప్రేమ ఉంటే పాస్‌వర్డు చెప్పు" అనుట, అలిగి వారము దినములు ఫోను ఎత్తకుండుట, పిమ్మట చాక్లెటుతో ప్రత్యక్షమగుట. ఇవన్నియు సినిమాలలో నేర్చుకొన్నారని మనమందుము. ఇంటిలోనే చూచియుండవచ్చును. (భార్యతో మాటలు మానివేసి, అన్నము పెట్టమని పిల్లలచేత కబురంపు తండ్రులు మనలో లేరా?)

కోపము చల్లారుటకు ఒక పూట ఎడముగా నుండుట తప్పు కాదు. అయితే "రేపు సాయంకాలము మాట్లాడుదము" అని చెప్పి పోవలెను, ఆ సాయంకాలము మాట్లాడవలెను. అప్పుడు మొదట అడుగవలసినది "నీవెందుకిట్లు చేసితివి?" అని కాదు, "నీవు దేనికి భయపడుచున్నావు?" అని.

కొట్టుట, ఫోటోలు బయటపెట్టుదునని బెదరించుట జగడము కాదు. వాటిని మీలో మీరు తీర్చుకొమ్మని ఏ పిల్లతోను, ఏ పిల్లవానితోను చెప్పకూడదు. నమ్మకమైన పెద్దవారికి వెంటనే తెలుపవలెను. పదునెనిమిదేండ్లలోపు వారికొరకు 1098 నంబరు కలదు. తిట్లు ముందు, సహాయము తరువాత అని తెలిసిన ఇంటిలో పిల్లలు నోరు విప్పరు.

కూడికలో చర్చించుటకు: ఏడు దినముల ఆ విందులో తిమ్నాతు యువతి తన భయమును ఎవరితో చెప్పుకొనగలిగియుండెను? మన సంఘములోనైతే ఎవరియొద్దకు వచ్చును?