కీబోర్డు చూడకుండా పట్టాభిరామ్

చెన్నై శివారు పట్టాభిరామ్‌లో తమిళ టైపింగు నేర్చిన తెలుగువాళ్లకి మొదట వేళ్లే అడ్డం తిరుగుతాయి. తమిళ్99 కీబోర్డులో ఎఫ్ మీద పుళ్ళి, అంటే తమిళ పొల్లు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో అక్కడ గుడి. 'క' అనుకుని హెచ్ కొడితే 'ప' పడుతుంది.

విండోస్ భాషల్లో తెలుగు చేర్చి, కీబోర్డుల్లో ఊరికే 'తెలుగు' అని ఉన్నది ఎంచుకోండి, ఇన్‌స్క్రిప్ట్ అదే; ఫొనెటిక్ వద్దు. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

ఎఫ్, జె మీద చిన్న గీతలు తగులుతాయి. చూపుడువేళ్లు అక్కడ ఆనించండి. ఎడమ చెయ్యి కింద ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి. కుడి చెయ్యి కింద ర, క, త, చ. గుణింతాలు ఎడమకి, హల్లులు చాలావరకు కుడికి. కోతి, పేరు, కోరిక: ఈ మూడూ వేళ్లు వరస దాటకుండా వస్తాయి. చేతుల మీద తువ్వాలు కప్పుకుని కొట్టండి. తప్పులు పడతాయి, పడనివ్వండి.

ఇక ఊరి పేరు. 'ట్టా'ని కలంతో రాసేటప్పుడు ముందు 'టా' రాసి, కింద వత్తు తగిలిస్తాం. ఇక్కడ ఆ వరస చెల్లదు. పలికినట్టే ట, పొల్లు, ట, ఆపైన దీర్ఘం. కుడి చిటికెన, ఎడమ మధ్య, మళ్లీ చిటికెన, మళ్లీ మధ్య. మద్దెల మీద దరువులా ఉంటుంది, నాకు భలే ఇష్టం. బర్మావాళ్ల చిక్కు ఇంకా పెద్దది. వాళ్ల ఏత్వం హల్లుకి ఎడమ పక్కన కూర్చుంటుంది, పలికేది మాత్రం తర్వాత. పాత జాగ్యీ ఫాంటు దాన్ని ముందు పెడితే, యూనికోడ్ హల్లు తర్వాత దాచుకుంటుంది. యూనికోడ్‌కి మారడానికి ఆ దేశం పెట్టుకున్న రోజు 2019 అక్టోబరు 1.

'భి'కి ఎడమ చిటికెనవేలు షిఫ్ట్ పట్టుకోవాలి, కుడి చూపుడువేలు వై నొక్కాలి. అసలు కష్టం 'రామ్' దగ్గర. దీర్ఘం, మ, పొల్లు మూడూ ఎడమ మధ్యవేలివే. పాపం, దానికి ఊపిరాడదు. నెమ్మదిగా కొట్టండి, వేగం దానంతటదే వస్తుంది. రోజుకి పావుగంట చాలు. ఆదివారం కూర్చుని మూడు గంటలు కొట్టడం శుద్ధ దండగ.

ఇది కుదిరాక తిరుత్తణి అందుకోండి. 1960లో ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చిన ఆ ఊరి పేరు టైపింగుకి చాలా సులువు. తొమ్మిది దెబ్బల్లో 'ణ' ఒక్కటే వరస దాటుతుంది: షిఫ్ట్‌తో సి.