అద్దె కోసం ఫ్లాట్: కొనేముందు వేయాల్సిన లెక్క

హైదరాబాద్‌లో అద్దెకిచ్చేందుకు ఫ్లాట్ కొనేవాళ్ళలో చాలామంది ‘అద్దెతోనే ఈఎంఐ తీరిపోతుంది’ అన్న ధీమాతో దిగుతారు. అలా తీరదు. బ్యాంకు ఎంత ఇస్తుందో కనుక్కుని మొదలుపెట్టేది తలకిందుల లెక్క. అద్దెతో మొదలుపెట్టి అప్పు దగ్గరికి రావాలి. ఫ్లాట్ ధర రూ.60 లక్షలు, అద్దె నెలకు రూ.18 వేలు అనుకుని ఒక్కో మెట్టూ చూద్దాం.

1. చేతికొచ్చే అద్దె తేల్చండి

ఏడాదిలో పదకొండు నెలల అద్దే వేసుకోండి: రూ.1,98,000. ఒకరు ఖాళీ చేసి మరొకరు దిగేలోపు నెల పోతుంది. ఆ నెల మెయింటెనెన్స్ కూడా మీదే. ఖాళీ అయిన ఫ్లాట్‌లోకి వెళ్ళి చూడండి: మేకులు దిగిన గోడలకు పెయింట్, కారే కుళాయికి ప్లంబర్, వేడెక్కని గీజర్‌కు రిపేరు, ఆపైన బ్రోకర్ కమీషన్. ఆస్తిపన్ను సరేసరి, దాన్ని ఏప్రిల్‌లోనే ఏడాది మొత్తానికీ కట్టేస్తే 5 శాతం రాయితీ ఉంటుంది. వీటన్నిటికీ ఏడాదికి రూ.30 వేలు తీసేస్తే మిగిలేది రూ.1,68,000. అంటే నెలకు రూ.14 వేలు.

2. ధర మీద పడే ఖర్చులు కలపండి

తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. మన ఫ్లాట్‌కు అది రూ.4.5 లక్షలు. బ్యాంకు దీన్ని ఇంటి విలువలో కలపదు, జేబులోంచే పెట్టుకోవాలి. కట్టడంలో ఉన్న ఫ్లాట్‌కైతే జీఎస్టీ కూడా పడుతుంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు.

3. అప్పు ఎంతో వెనక నుంచి లెక్కగట్టండి

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం రూ.30 లక్షలు దాటి 75 లక్షల వరకూ ఉండే గృహరుణం ఇంటి విలువలో 80 శాతం మించకూడదు. అంటే రూ.48 లక్షల దాకా దొరుకుతుంది. 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళకు తీసుకుంటే ఈఎంఐ సుమారు రూ.41,655. మొదటి నెల అందులో రూ.34,000 వడ్డీకే పోతుంది, అసలుకు జమయ్యేది రూ.7,655. అద్దె రూ.14 వేలు పోను నెలనెలా రూ.27,655 జీతంలోంచి వేయాలి.

ఇప్పుడు తిరగేసి చూడండి. జీతంలోంచి రూ.10 వేలకు మించి పెట్టలేమనుకుంటే, అద్దెతో కలిపి కట్టగలిగేది రూ.24 వేలు. దానికి వచ్చే అప్పు సుమారు రూ.27.5 లక్షలు. రిజిస్ట్రేషన్‌తో కలిపి మిగతా రూ.37 లక్షలు మీ దగ్గర ఉండాలి. లేకపోతే ఇంకా తక్కువ ధర ఫ్లాట్ చూడండి, లేదా ఆగండి.

4. వడ్డీ పెరిగినా తట్టుకోగలరా?

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి చేరింది. ఫ్లోటింగ్ రుణాలున్నవాళ్ళకు ఈఎంఐ పెరిగింది, లేదా గడువు ఏళ్ళకేళ్ళు సాగింది. కాబట్టి ఇప్పుడున్న రేటు కన్నా 2 శాతం ఎక్కువకు కూడా లెక్క వేసి చూసుకోండి.

5. పన్ను మీద అతిగా ఆశ పెట్టుకోకండి

అద్దెలోంచి కట్టిన ఆస్తిపన్ను, ఆపై మిగిలినదాంట్లో 30 శాతం, తర్వాత వడ్డీ మినహాయించుకోవచ్చు. దాంతో నష్టం తేలితే పాత విధానంలో ఏడాదికి రూ.2 లక్షల వరకూ జీతంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో ఆ వీలు లేదు.

6. నిల్వ విడిగా ఉంచండి

ఆరు నెలల ఈఎంఐ వేరే ఖాతాలో పెట్టండి. అద్దెకున్నవాళ్ళ అడ్వాన్స్ వాళ్ళ సొమ్ము, దాన్ని ఖర్చుపెట్టకండి. బోనస్ లాంటిది చేతికొస్తే అసలులోకి కట్టేయండి. వ్యక్తుల ఫ్లోటింగ్ గృహరుణానికి ముందస్తు చెల్లింపుపై పెనాల్టీ లేదు.

ఈ లెక్కంతా ఇంట్లోవాళ్ళతో కూర్చుని కాగితం మీద వేయండి. నెలనెలా జీతంలోంచి ఎంత వేయాలో తేలేదాకా ఎవరికీ టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకండి.