ఆగితేనే కాగే బండి

ప్రశ్న: మాది పాత 407. దామలచెరువు నుంచి తోతాపురి కాయలు వేసుకుని పోయేటప్పుడు బాగానే ఉంటుంది. గుజ్జు ఫ్యాక్టరీ ముందు వరుసలో ఇంజన్ ఆపకుండా నిలబెడితే మాత్రం టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి పోతుంది. రేడియేటర్ మార్చమంటున్నారు. మార్చాలా?
– ఒక పాఠకుడు, పాకాల

జవాబు: అప్పుడే డబ్బు పెట్టకండి. బండి పరుగులో ఉంటే ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆగితే ఆ భారమంతా ఫ్యాన్‌దే. అందుకే నా అనుమానం మొదట దాని మీదే. ఇంజన్ ఆపి ఫ్యాన్ బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కండి. ఒక సెంటీమీటరు కన్నా బాగా ఎక్కువ దిగితే బిగించండి. పగుళ్లుంటే, అద్దంలా మెరుస్తుంటే మార్చేయండి. ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన తొడుగు (ష్రౌడ్) ఉందా? పాత బండ్లకు ఎప్పుడో విప్పి, మళ్లీ బిగించకుండా వదిలేస్తుంటారు. అది లేకపోతే ఫ్యాన్ ఇంజన్ వేడిగాలినే తిరిగి లాక్కుంటుంది. రేడియేటర్ రెక్కల్లో పట్టిన దుమ్మును ఇంజన్ వైపు నుంచి నీళ్లు కొట్టి కడగండి.

రేడియేటర్‌లో బోరు నీళ్లు మాత్రం పోయొద్దు, లోపల సున్నం పేరుకుంటుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలపండి.

ఇవన్నీ సరిచేశాక కూడా మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు కాగితే, అప్పుడు థర్మోస్టాట్, రేడియేటర్ చూపించండి. ఇంజన్ చల్లారేదాకా రేడియేటర్ మూత మాత్రం తీయకండి.