ఖాళీ గడులను పూరించుట

సంఖ్యలను అడ్డు వరుసలలోను, నిలువు వరుసలలోను అమర్చిన పట్టికను గణితములో మాత్రిక అందురు. కొన్ని గడులు ఖాళీగా ఉన్న మాత్రికను ఒక నియమమునకు లోబడునట్లు పూరించుటయే నేటి పాఠము.

మన నియమము ఇది: ప్రతి అడ్డు వరుసయు మొదటి వరుసకు ఏదో ఒక రెట్టు కావలెను.

మొదటి వరుస 1, 2, 3 అనుకొనుడు. రెండవ వరుసలో 4 మాత్రమే ఉన్నది. తక్కిన రెండు గడులు ఖాళీ. 4 అనునది 1కి నాలుగు రెట్లు. కావున తక్కినవి 8, 12 కాక తప్పదు. ఒక్క సంఖ్య రెండు గడులను తెలిపినది.

రెండవ వరుస 4, 9 అని మొదలైనచో? 4 నాలుగు రెట్లను కోరును; 9 నాలుగున్నర రెట్లను కోరును. మూడవ గడిలో ఏమి వ్రాసినను నియమము నిలువదు. వరుస అంతయు ఖాళీగా ఉన్నచో 5, 10, 15 అనియు, 7, 14, 21 అనియు ఎన్ని విధములనైనను పూరింపవచ్చును. కనుక ముందుగా అడుగవలసిన ప్రశ్నలు రెండు: పూరణము కలదా? ఉన్నచో ఒక్కటేనా?

ఇది కేవలము ఆట కాదు. అమెరికాలోని నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2006 అక్టోబరులో ఒక పోటీ పెట్టెను. 4,80,189 మంది ప్రేక్షకులు అడ్డు వరుసలు; 17,770 చిత్రములు నిలువు వరుసలు; గడిలో 1 నుండి 5 వరకు మార్కులు. నిండిన గడులు పది కోట్లకు పైగా ఉన్నను, మొత్తము గడులు 853 కోట్లు! అనగా సుమారు 85 గడులకు ఒక్కటి మాత్రమే నిండినది. సంస్థ అంచనాలలోని దోషమును 10 శాతము తగ్గించినవారికి పది లక్షల డాలర్లు బహుమానము.

ఇచట ఒకే వరుస రెట్లు చాలవు. కొద్దిపాటి వరుసలను రెట్టించి కూడినచో తక్కినవన్నియు దాదాపుగా వచ్చుననునది పలువురు పోటీదారులు వాడిన భావము. 2009లో ఒక జట్టు గెలిచెను. దానితో సమానమైన ఫలితమునే మరియొక జట్టు ఇరువది నిమిషములు ఆలస్యముగా పంపి ఓడిపోయెను. అదే సంవత్సరమున కాండెస్, రెక్ట్ అను గణితజ్ఞులు, అట్టి మాత్రికలను కొన్ని గడులతోనే యథాతథముగా పూరింపగల పరిస్థితులను నిరూపించిరి.

అయితే ఒక హెచ్చరిక. ఆ పట్టికలో పేర్లు తొలగింపబడినను, కొద్ది మార్కులను బట్టి మనుష్యులను గుర్తింపవచ్చునని టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో చూపిరి. రెండవ పోటీ 2010లో రద్దయ్యెను. కొద్ది గడులు ఎంతో చెప్పును. కావున ఇతరుల వివరములను వెల్లడించుటకు ముందు ఆలోచింపుడు.

అభ్యాసము: పై నియమము ప్రకారము పూరింపుడు. పూరణము ఒక్కటేనా, అనేకములా, లేదా? కారణము వ్రాయుడు.

1. మొదటి వరుస 2, 5, 3; రెండవ వరుస 6, __, __
2. మొదటి వరుస 1, 3, 5. రెండవ వరుస 2, 8, __
3. మొదటి వరుస 0, 4, 6. రెండవ వరుస 0, __, __