పుస్తకం దగ్గరగానే పెట్టుకోనివ్వండి

ప్రశ్న: కువైట్‌లోని అబ్బాసియాలో ఉంటాం. మా బాబు నాలుగో తరగతి. కళ్లద్దాలు పెట్టినా చూపు తక్కువే. పుస్తకం ముక్కుకు ఆనించి చదువుతాడు. మాన్పించాలా?

జవాబు: వద్దమ్మా. దగ్గరగా చదివినంత మాత్రాన ఉన్న చూపు అరిగిపోదు. దూరం సగమైతే కంటిలో అక్షరం రెండింతలవుతుంది. బాబు తనంతట తాను కనిపెట్టుకున్న మంచి ఉపాయమది. మెడ నొప్పి పుట్టకుండా ఏటవాలు బల్ల ఇవ్వండి. పెన్సిల్ బదులు నల్ల స్కెచ్ పెన్ను వాడనివ్వండి. అక్కడి ఎండ సంగతి మీకు తెలిసిందే, కిటికీకి ఎదురుగా మాత్రం కూర్చోబెట్టొద్దు. బోర్డు మీద రాసేది టీచరును పైకి చదవమనండి. సెలవులకు వచ్చినప్పుడు హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో తక్కువ చూపు పరీక్షలు చేయించండి. సీబీఎస్ఈ బడి అయితే, అర్హత ఉన్న పిల్లలకు పదో తరగతి పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు.